రెండు పిడుల రంపం

మొన్నటి గాలివానకు వనస్థలిపురంలోని మా పెరటి వేపచెట్టు వేళ్లతో సహా ఒరిగి ప్రహరీ మీద పడింది. కొమ్మలు కొట్టడానికి వచ్చిన మనిషిని, మొద్దులు కూడా చిన్న ముక్కలు చేసి పెట్టమని, పెరట్లో రాగి బాయిలర్‌లోకి పనికొస్తాయని అడిగితే, అతను నవ్వి, "ఇంక కట్టెల మీదనే కాగవెడుతున్నరా అమ్మా, గీజర్ పెట్టిచ్చుకోలేదా?" అన్నాడు. గీజరు ఉంది. ఆ మాటకొస్తే రెండున్నాయి. కట్టెల మంట మీద కాగిన నీళ్లు ఒంటి మీద పోసుకుంటే ఎంత హాయో మన ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, అతనికి చెప్పినా అర్థం కాదు, కానీ ఆ నవ్వు మాత్రం నాకు నచ్చలేదు. కొమ్మలు కొట్టగానే అతన్ని పంపించేసి, నా కట్టెలు నేనే కోసుకుంటానని, చెట్లు కోసే మిషన్ కొనడానికి మా ఆయన్ని వెంటబెట్టుకుని ఎల్బీ నగర్ బయలుదేరాను.

మొదటి రెండు కొట్లలోనూ అడిగింది నేనైతే జవాబు మా ఆయనకు చెప్పారు. ఆయన ఉద్యోగమంతా ఫైళ్లతో గడిపిన మనిషి, గోడకు మేకు కొట్టమంటే సుత్తి ఎక్కడుంటుందని నన్నే అడుగుతారు. ఆ కొట్ల బోర్డులు గుర్తుపెట్టుకున్నాను, మళ్లీ వాటి గుమ్మం తొక్కను. మూడో కొట్టతను మాత్రం నా ముఖం చూసి మాట్లాడాడు. పెద్ద పెట్రోలు మిషన్‌ను నేను ఎత్తబోయి దించేయడం చూసి, "గది అడవిల చెట్లు కోసేటోళ్లదమ్మా, ఇంటి కట్టెలకు గంత ఎందుకు, పైసలు దండగ. జర గీ కరెంటుది చూడుండ్రి," అన్నాడు. బ్యాటరీది తేలికే, కానీ దాని బ్యాటరీల ఖరీదుకు ఇంకో మిషనే వచ్చేలా ఉంది. కరెంటుదానికి వైరు ఈడ్చుకోవాలి, అయితే నేను పోయేది అడవికి కాదుగా, పెరట్లోకే. బ్లేడు మొద్దు మందం కన్నా కాస్త పొడుగుంటే చాలనీ, రేపు చైను పోతే వేరే చైను ఇదే కొట్లో దొరకాలనీ, పళ్లు అరిగితే ఆకురాయితో నూరుకోవచ్చనీ ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను. చివరికి అతను ఒక దుంగ ముక్క కింద పెట్టి స్విచ్చి నొక్కాడు. దోసకాయలోకి కత్తి దిగినట్టు ఆ మిషన్ కట్టెలోకి దిగిపోయింది. నేను ఊపిరి పీల్చి వదిలేలోగా ముక్క తెగి కింద పడింది. పచ్చి రంపపు పొట్టు వాసన ముక్కుకు తగిలేసరికి, నేను ఎల్బీ నగర్ కొట్లో నిలబడి ఉన్నానన్న సంగతే మర్చిపోయాను.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ఇప్పుడు మెట్రో రైలు తిరిగే ఆ దారిలో అప్పట్లో కొత్తపేట దాటితే బండరాళ్లూ తాటిచెట్లే కనిపించేవి. గ్యాసు కోసం పేరు రాయించుకుని ఎదురుచూసే రోజులు, వంటా నీళ్లూ అన్నీ కట్టెల మీదే. ఇంటి యజమానురాలు ఆ పక్క ఊరి మనిషి, భర్త పోయి ఒక్కతే ఉండేది. ఆయన దూలాలు కోసే పని చేసేవాడట. ఆయన రంపం, ఇంచుమించు మనిషంత పొడుగున, రెండు చివరలా రెండు కర్ర పిడులతో, ముందు వసారా గోడకు వేలాడుతుండేది. దసరాకు దించి పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ వేలాడదీసేది తప్ప ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

మేము దిగిన కొత్తలోనే, నా పొయ్యి పొగకు ఆవిడ కొత్తగా సున్నం వేయించుకున్న గోడ మసిబారిందని, వీధిలో నలుగురూ వినేటట్టు, "మీ ఆంధ్రోళ్లకు పొయ్యి రాజేసుడు గూడ రాదా?" అంది. పుట్టింట్లో అంతమందికి వండిన చేతులు నావి. ఆ రోజు నుంచి ఆవిడతో మాట మానేశాను. నీళ్లకు నూతి దగ్గరికి వెళ్లినా, ఆవిడ వెళ్లిపోయేదాకా బిందె పట్టుకుని దూరంగానే నిలబడేదాన్ని.

నెలలు నిండకుండానే పురుడు వచ్చింది. పుట్టింటికి పంపుదామంటే రైలెక్కించవద్దని డాక్టరమ్మ అంతకుముందే ఖండితంగా చెప్పడంతో, తెనాలి వైపు మా పల్లెటూరి నుంచి మా అమ్మే వచ్చి ఉంది. మా ఆయన ఆఫీసు పని మీద క్యాంపులో ఉన్నారు. ఆడపిల్ల. దోసిట్లో పట్టేటట్టుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఒకటే మాట, పిల్లకు చలి తగిలితే దక్కదు, ఎప్పుడూ వెచ్చగా ఉంచాలని. సీసాల్లో వేడినీళ్లు నింపి, గుడ్డలు చుట్టి, పిల్లకు అటూ ఇటూ పెట్టాలి, చల్లారగానే మార్చాలి. అంటే పొయ్యి ఆరకూడదు.

సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. కిరసనాయిలు అయిపోయింది. అడితిలో చీల్చిన కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి, పెడితే పొగే తప్ప మంట లేదు. మా అమ్మ వానలో తడుస్తూ వెళ్లి, రేకుల కింద పొడిగా మిగిలిన చింత మొద్దులు రెండు రిక్షాలో వేయించుకుని వచ్చింది. వాటిని కొట్టే మనిషి ఆ వానలో దొరకలేదు. ఇంట్లో ఉన్నది చిన్న కత్తి. అమ్మ దానితో కొడుతుంటే కత్తి ఎగిరి వెనక్కి వస్తోంది గానీ చింతమొద్దు మీద గాటు కూడా పడటం లేదు. సీసాలు చల్లారిపోతున్నాయి.

ఆ చప్పుడుకు యజమానురాలు బయటికి వచ్చింది. ఇప్పుడేం అంటుందోనని నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. ఆవిడ మొద్దును చూసింది, గుమ్మంలోంచి నా ఒళ్లో పిల్లను చూసింది, లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు గోడ మీది రంపం ఆవిడ భుజాన ఉంది.

"ఆ దిక్కు కూసో అక్కా," అంది మా అమ్మతో.

మా అమ్మ ఎన్నడూ రంపం పట్టిన మనిషి కాదు. పిడి పట్టుకుని బలమంతా పెట్టి ముందుకు తోసింది. రంపపు రేకు వంగిపోయి మొద్దులో బిగుసుకుంది.

"నూకకు అక్కా, గుంజు. నువ్వు గుంజేటప్పుడు నేను ఇడుస్త. నేను గుంజేటప్పుడు నువ్వు ఇడువాలె."

"చెయ్యి వదిలేయమంటావా?"

"చెయ్యి ఇడిస్తే నా మీద పడ్తది. జోరు ఇడువు."

ఆ తర్వాత నేను చూసినదాన్ని ఇన్నేళ్లలో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మా వెనక వసారాలో ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకున్నారు, ఒకరు గోచి బిగించారు. ఒకరు వెనక్కి వాలితే ఒకరు ముందుకు వంగుతున్నారు, వంగిన మనిషి మళ్లీ వాలుతోంది. చూస్తుండగానే ఆ ఇద్దరి నడుములూ ఒకే మనిషివైనట్టు కదలడం మొదలుపెట్టాయి. బయట వాన, లోపల ఆ చప్పుడు. పొట్టు రాలి ఇద్దరి కాళ్ల మీదా పేరుకుంటోంది. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగితే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. మళ్లీ మొదలయ్యేది. గుళ్లో నిలబడినప్పుడు కూడా నాకెప్పుడూ అంత భక్తి కలగలేదు.

మొదటి ముక్క తెగి పడగానే ఆవిడే దాని మీద కత్తి ఆనించి, పైన రాయితో కొట్టి చీల్చి పొయ్యి రాజేసింది, నాకు రాదన్న ఆ పొయ్యినే. ముసురు తగ్గేదాకా రోజూ ఇద్దరూ కూర్చుని కోసేవాళ్లు. ఒకరోజు రంపం లాగుతూనే ఆవిడ, "నీ బిడ్డ నాతోని మాట్లాడదేంది అక్కా, కోపమా?" అంది.

"దానికి పుట్టినప్పటి నుంచీ అందరి మీదా కోపమేనమ్మా, నువ్వేం పట్టించుకోకు," అంది మా అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. కన్నతల్లి అయ్యుండి పరాయి మనిషితో ఆ మాట అనడం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

పిల్ల దక్కింది. బుగ్గలు వచ్చాయి, ఏడుపు కూడా వీధి చివరికి వినిపించేటంత వచ్చింది. తర్వాత రెండేళ్లకు మేము ఇల్లు ఖాళీ చేసినప్పుడు, ఆ మసి గోడకు మా చేతే సున్నం వేయించి గానీ ఆవిడ తాళం తీసుకోలేదు. నా బిడ్డను బతికించింది ఆవిడే, గోడ దగ్గర పట్టు వదలనిదీ ఆవిడే. ఆ రెండూ ఇన్నాళ్లూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఒకటి చెరిగిపోలేదు. అమ్మా లేదు, ఆవిడా లేదు. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టలు ఉంది, కిటికీకో తువ్వాలు ఆరేసి. ఆ రంపం ఏమైందో అడగడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

కరెంటు మిషనే కొన్నాను. నిన్న పొద్దున పెరట్లో వైరు పరుచుకుని, కళ్లద్దాల మీద మిషన్‌తో ఇచ్చిన ఇంకో జత అద్దాలు పెట్టుకుని, వేప మొద్దు ముందు నిలబడ్డాను. సంగతి తెలిసి అల్మాస్‌గూడ నుంచి మా అమ్మాయి ఆటోలో పరిగెత్తుకొచ్చింది. ఆనాటి ఆ దోసెడు పిల్లే, ఇప్పుడు చెంపలు నెరిశాయి. ఈ వయసులో నీకిదేం పిచ్చి అని కాసేపు పోట్లాడింది, నేను వినలేదు. స్విచ్చి నొక్కాను. ఇద్దరు ఆడవాళ్లు నడుములు విరిగేలా ఒక మధ్యాహ్నమంతా కోసినంత కట్టెను, ఆ మిషన్ నేను కుదురుగా నిలబడేలోపే కోసి పడేసింది. చేతుల్లో అదిరే ఆ బలానికి నాకే ఒళ్లు జలదరించింది.

"అమ్మా, మొద్దు అటు చివర నేను పట్టుకోనా?" అంటూ మా అమ్మాయి ముందుకొచ్చింది.

మిషన్ నడిచేటప్పుడు దగ్గర్లో ఎవరూ ఉండకూడదని కొట్టతను మరీ మరీ చెప్పాడు. "దూరం జరుగు," అని గట్టిగా అరిచి స్విచ్చి వదిలేశాను. మా అమ్మాయి గోడ దాకా వెళ్లి నిలబడింది. పొట్టంతా నా ఒక్కదాని కాళ్ల మీదే పేరుకుంది. ఈ రంపానికీ రెండు పిడులున్నాయి, వెనక ఒకటి, పైన ఒకటి. రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి.