డౌలా వచ్చిన ఆదివారం

నేను కడుపుతో ఉన్న రోజుల్లో గురుగ్రామ్‌లోని మా ఫ్లాట్‌లో ఒకటే చర్చ: కాన్పు గదిలో నా పక్కన ఎవరుండాలి?

మా ఆయన తన పేరు తనే కొట్టేసుకున్నాడు. నా రక్తపరీక్షకు తోడొచ్చి, సూది నా చేతికి గుచ్చితే తను కుర్చీలోంచి జారిపోయిన మనిషి. ఇక మిగిలింది అమ్మ. పెళ్లయి గుంటూరు నుంచి ఢిల్లీ వచ్చి, ఉద్యోగమంతా లేబర్ రూమ్‌లోనే చేసి రిటైరైన నర్సు. ఎక్కడికి వెళ్లినా "నేనూ సిస్టర్నే" అని పరిచయం చేసుకునేది. స్కానింగ్ సెంటర్లో సరే, మా లిఫ్ట్‌లో కుక్కపిల్లతో ఎదురైన ఆవిడక్కూడా అదే చెప్పింది. స్కానింగ్ సెంటర్లో ఆ మాట వినగానే అమ్మకి కుర్చీ వేశారు. కడుపుతో ఉన్న నేను నిలబడే ఉన్నాను.

ఇంట్లో ఇంత అనుభవం పెట్టుకుని ఇంకొకరెందుకని అందరూ అన్నారు. నా భయమల్లా ఆ అనుభవం గురించే. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ పక్కన పడుకునేది కాదు, మణికట్టు పట్టుకుని గడియారం చూసేది. కాన్పు గదిలోనూ అంతేనేమోనని దిగులు. నాకేమో అమ్మ కావాలి.

ఆఫీసులో ఒకావిడ డౌలా గురించి చెప్పింది. డాక్టరూ కాదు, నర్సూ కాదు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ పుట్టేదాకా పక్కనే ఉండి ధైర్యం చెప్పే మనిషి. ముందొకసారి ఇంటికొచ్చి మాట్లాడతారట. ఒక ఆదివారం రమ్మన్నాను. మా ఆయన నోరు జారడంతో అమ్మ కూడా చర్చి నుంచి నేరుగా వచ్చి సోఫాలో కూర్చుంది.

డౌలా ఒక పంజాబీ అమ్మాయి, నవ్వుమొహం. ఆమె చెప్పులు విప్పిందో లేదో, "ముందు ప్రార్థన చేసుకుందాం" అంది అమ్మ. మా ఇంట్లో ఏ పనైనా ప్రార్థనతోనే మొదలవుతుంది. ముఖాన అనలేనివన్నీ అమ్మ కళ్లు మూసుకుని అనేస్తుంది.

"ప్రభువా, ఈ కొత్త కొత్త ఫ్యాషన్ల నుంచి నా బిడ్డకి విడుదల దయచెయ్యి తండ్రీ. కన్నతల్లి ఉండగా బయటోళ్లని పిలిచే బుద్ధిని మార్చు తండ్రీ."

తెలుగు ముక్క రాని ఆ అమ్మాయి భక్తిగా "ఆమెన్" అంది. అన్నీ అర్థమైన మా ఆయన ఇంకా గట్టిగా అన్నాడు.

తర్వాత హిందీలో ఇంటర్వ్యూ మొదలైంది.

"బీపీ చూస్తావా బేటా?"

"లేదాంటీ."

"బిడ్డ గుండె వింటావా?"

"అది సిస్టర్లు చూసుకుంటారాంటీ."

"అచ్ఛా. మరి నువ్వేం చేస్తావు?"

"పక్కనే ఉంటాను. నడుం నొక్కుతాను. చెయ్యి పట్టుకుంటాను."

అమ్మ నా వైపు తిరిగి తెలుగులోకి దిగింది. "చెయ్యి పట్టుకోడానికి కూడా మనిషిని పెట్టుకుంటారంటే? ఏం చోద్యమే!"

మాటలు అర్థం కాకపోయినా స్వరం అర్థమైనట్టుంది, నడుం ఎలా నొక్కుతానో చూపించనా అని ఆ అమ్మాయి నన్నడిగింది. "ముందు నా మీద చూపించమను," అంది అమ్మ. డైనింగ్ కుర్చీ మీద వెనక్కి తిరిగి కూర్చుని, దాని వీపు మీద తల ఆనించింది. ఆ అమ్మాయి రెండు అరచేతులూ నడుముకి ఆనించి నెమ్మదిగా నొక్కింది.

"ఇంకొంచెం కిందకి," అంది అమ్మ. కాసేపటికి, "ఠీక్ హై, ఠీక్ హై, అక్కడే."

"అత్తయ్యగారు పాస్ చేసేసినట్టున్నారు," అని మా ఆయన నా చెవిలో ఊదాడు. నవ్వబోయి అమ్మ ముఖం చూశాను. కళ్లు తడిగా ఉన్నాయి.

"నువ్వు పుట్టినప్పుడు మా హాస్పిటల్లోనే చేరానే," అంది తల ఎత్తకుండానే. "డ్యూటీలో ఉన్నోళ్లంతా నా వాళ్లే. తలుపులోంచి తొంగిచూసి, నీకు తెలీనిదేముంది సిస్టరూ అని నవ్వేసి పోయేవాళ్లు. మాలో ఎవరు కాన్పుకొచ్చినా అంతే, నేనూ అలాగే అనేదాన్ని. ఆ రోజు మాత్రం నాకేమీ తెలీలేదే. ఎవరన్నా వచ్చి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. అడగడానికి సిగ్గేసింది."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నాకు ఏడుపాగలేదు.

"బీపీ చూసేవాళ్లు వాళ్లే చూసుకుంటారు. నడుం నొక్కడానికి ఈ అమ్మాయుంటుంది. నువ్వు ఊరికే నా దగ్గరుండమ్మా," అన్నాను.

"ఊరికేనా? ఊరికే ఎలా ఉంటారే?" అని నిజంగానే అడిగింది అమ్మ.

ముగింపు ప్రార్థన కూడా అమ్మే చేసింది. "ప్రభువా, ఈ పిల్ల చేతులకి మంచి బలమియ్యి తండ్రీ." డౌలా విషయం అక్కడితో తేలిపోయింది.

నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రివాళ్లు ఇద్దర్నీ లోపలికి రానిచ్చారు. ఆ అమ్మాయి నా నడుం నొక్కుతోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఈసారి మణికట్టు దగ్గర కాదు. చూపు మాత్రం ఊరుకోక మానిటర్ మీదికి పోతోంది, అమ్మ దాన్ని మళ్లీ నా ముఖం మీదికి లాక్కుంటోంది. ఒకసారి మాత్రం రెండో చేత్తో, తనకు తెలియకుండానే, మెలిపడిన సెలైన్ ట్యూబ్ సరిచేసింది. డ్యూటీ నర్సు అది చూసి నవ్వింది.

"ఆంటీ, ఆప్ భీ సిస్టర్ హైఁ క్యా?"

ఆ పాత "నేనూ సిస్టర్నే" వస్తుందని, అంత నొప్పిలోనూ ఎదురుచూశాను.

"నహీఁ బేటా," అంది అమ్మ, నా చెయ్యి వదలకుండా. "మైఁ ఇస్కీ మాఁ హూఁ."