క్లిప్పు పెట్టిన పేజీలు

మా ఆయన బాలే డాన్సు స్కూల్లో పియానో వాయించేవాడు. ఆ మాట చెబితే జనం "అబ్బో, కళాకారులన్నమాట" అనేవారు. కళా లేదు, కాకరకాయా లేదు. పిల్లలు గోడకి బిగించిన కర్ర పట్టుకుని కాళ్ళు ఎత్తుతుంటే, ఆ ఎత్తడానికి సరిపడా వాయించడం ఆయన పని. టీచరమ్మ చప్పట్లు కొడితే ఆపెయ్యాలి. వేలు గాల్లో ఉంటే గాల్లోనే. మళ్ళీ మొదటినుంచి. నన్ను చేసుకున్ననాటినుంచి పోయేదాకా అదే ఉద్యోగం.

వాయించేవన్నీ ఒక్కరు కట్టినవే. ఎప్పుడో పోయిన విదేశీ మహానుభావుడు. మా ఆయన ఆయన్ని "మామగారు" అనేవాడు.

"మా నాన్న నిక్షేపంలా ఉండగా మీకింకో మామగారేమిటండీ?" అని దెబ్బలాడేదాన్ని.

"మీ నాన్న పిల్లనిచ్చి చేతులు దులుపుకున్నాడు. ఈయన ఇప్పటికీ కూడు పెడుతున్నాడు. ఎవరెక్కువో నువ్వే చెప్పు" అనేవాడు.

మామగారి పాటలు తెలియనివాళ్ళు లేరు. లిఫ్టులో అవే. ఫోన్లో కాసేపు ఆగమన్నప్పుడు అవే. బొమ్మ పెట్టె మూత తీస్తే అవే. వినగానే అందరూ "ఆహా" అంటారు. ఎంతసేపు? మొదటి కాస్తే. లిఫ్టు తలుపు తెరుచుకుంటే దిగిపోతారు, పెట్టె మూత వేసేస్తారు. ప్రేమంటే ఇదేనా అని నాకు ఒళ్ళు మండేది. చారు వాసన చూసి లేచిపోయేవాడిని భోక్త అంటామా?

ఇంట్లో పియానో లేదు, భోజనాల బల్ల ఉంది. అన్నాలయ్యాక నేను తుడిచి ఆరబెట్టేలోగా దాని ముందు కూర్చుని చివరిదాకా వాయించేవాడు. నాకు వినబడేది చెక్క మీద వేళ్ళ చప్పుడే. మెల్లగా సాగేది ఒకటుంది, పిల్లలు నేలమీద కూర్చుని నడుం సాగదీసేటప్పుడు వాయించేది. అది ఆయనకి ప్రాణం. చివర్లో కుడిచెయ్యి ఊరుకునేది, ఎడమచెయ్యి మాత్రం మూడుసార్లు తట్టేది. తర్వాత చేతులు తియ్యకుండా అలాగే ఉండిపోయేవాడు. అప్పుడు మంచినీళ్ళు అడిగేవాడు.

"అంత బావుంటుందా ఆ చివర?" అని ఒకసారి అడిగాను.

"మొదట్లో ఏడుపొస్తుంది, మధ్యలో కోపమొస్తుంది. చివర... వినాలేగానీ చెబితే ఏముందోయ్. స్కూలు వార్షికోత్సవంలో మొత్తం వాయిస్తా. ముందు వరసలో కూర్చుందువుగాని."

ప్రతి ఏడూ వెళ్ళి అడిగేవాడు. ఆ టీచరమ్మకి ఆయనే చప్పట్ల మేడమని పేరు పెట్టాడు. ఆవిడ ప్రతి ఏడూ ఒకటే మాట: "వచ్చే ఏడాది చూద్దాం మాస్టారూ." ఈయన నవ్వుతూ ఇంటికొచ్చేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఆవిడ మీదకంటే ఈయన మీదే ఎక్కువ మంట పుట్టేది.

ఇంకో సంగతి. నా దండెం మీది బట్టల క్లిప్పులు మాయమవుతూ ఉండేవి. పక్కింటావిణ్ణి అనుమానించాను కూడా. చివరికి తేలిందేమిటంటే, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. క్లాసులో ఫాను గాలికి అక్కర్లేని పేజీలు తిరగబడకుండా, ఎక్కడ ఆపాలో అక్కడినుంచి మిగతా పుస్తకమంతా కలిపి క్లిప్పు పెట్టేవాడట.

ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పోయాడు. స్కూలుకి ఫోను చేశాను. "అయ్యో!" అంది మేడమ్. ఆ వెంటనే, "రేపటి క్లాసుకి తన బదులు ఎవరినైనా చెప్పి వెళ్ళారా?" అంది. ఊరెళ్ళినవాడి గురించి అడిగినట్టే.

సంతాపసభ పెట్టారు. క్లాసు జరిగే హాల్లోనే, చుట్టూ అద్దాలు, ఎటు చూసినా నా మొహమే. మేడమ్ మైకు పట్టుకుని, "మాస్టారు మా స్కూలుకి గడియారంలాంటివారు" అంది. గడియారమట. అందుకేగా, ఆగిపోగానే ఇంకోటి తెచ్చి పెట్టుకున్నారు. ఆ కొత్తమ్మాయే పియానో ముందు కూర్చుంది. ఆయన పాట, ఆ మెల్లగా సాగేది, ఆయన పుస్తకంలోదే వాయిస్తుందన్నారు. ముందు వరసలో కూర్చున్నాను. ఇవాళైనా చివర వింటాననుకున్నాను.

మొదలుపెట్టింది. ఏడుపొచ్చింది, ఆయన చెప్పినట్టే. ఇంతలో నా వరసలోంచే ఠప్‌మని చప్పట్లు. రోజూ కొట్టేచోటే మేడమ్ కొట్టింది. ఆ పిల్ల చేతులు గాల్లోకి లేచాయి. వెనక కూర్చున్న పిల్లలు నడుములు నిటారుగా పెట్టారు. ఎవరో కిసుక్కుమన్నారు.

"అయ్యో, అలవాటు!" అని మేడమ్ నవ్వి, ఇంక ఏం చేస్తుంది, ఆ చప్పట్లనే గట్టిగా కొనసాగించింది. హాలంతా కొట్టింది. "అందరూ టీ తాగి వెళ్ళండి" అంది.

నేను లేచాను. నలుగురిలో నోరెత్తి ఎరగను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"అవ్వలేదు. మొత్తం వాయించు."

ఆ అమ్మాయి బిక్కమొహం పెట్టింది. "ఇంతవరకే చాలన్నారండీ."

పియానో దగ్గరికి వెళ్ళాను. పుస్తకానికి నీలం క్లిప్పుంది, తుప్పు పట్టిన స్ప్రింగుతో. నాదే. లాగేశాను. ముందు పేజీలు వేలిముద్రలతో నల్లబడిపోయి ఉన్నాయి. వెనకవి నిన్ననే కొన్నట్టు తెల్లగా ఉన్నాయి.

"చూసి వాయించగలవా?"

"తప్పులు పోతాయండీ..."

"పోనీ. తప్పులకి భయపడితే ఎలా? వాయించు తల్లీ."

మేడమ్ దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఇంకాసేపట్లో చిన్నపిల్లల క్లాసుంది. ఇంకోసారి ఎప్పుడైనా..."

"వచ్చే ఏడాదా?" అన్నాను. ఆవిడ చెయ్యి తీసేసింది. "కూర్చోండి మేడమ్. ఆ చేతులు ఒళ్ళో పెట్టుకోండి."

కూర్చుంది. నిజంగానే ఒళ్ళో పెట్టుకుంది.

ఆ పిల్ల తడుముకుంటూ, ఆగుతూ, ఒక్కోచోట రెండేసిసార్లు కొడుతూ వాయించింది. మధ్యలో కోపమొస్తుందన్నది నిజమే. అది మామగారి కోపమో, మా ఆయన ఇన్నేళ్ళూ బల్లకే చెప్పుకున్న కోపమో, నాదో, విడదీసి చూసే ఓపిక నాకు లేకపోయింది. ఆ పియానోని పగలగొడితే బావుణ్ణనిపించింది. తర్వాత కుడిచెయ్యి ఊరుకుంది. ఎడమచెయ్యి మూడుసార్లు.

ఆ పిల్ల చేతులు తియ్యబోయింది. "తియ్యకు" అన్నాను. "కాసేపు అలాగే ఉంచు."

ఉంచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే ధైర్యం లేకపోయింది. నా చెయ్యి మాత్రం మంచినీళ్ళ గ్లాసు కోసం పక్కకి వెళ్ళి, ఏమీ దొరక్క తిరిగొచ్చింది.

పియానో మీద ఆయన వాడిన పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి క్లిప్పులన్నీ పీకడం మొదలుపెట్టాను. ఫాను గాలికి పేజీలు లేచి రెపరెపలాడాయి.

"అమ్మా, అవి స్కూలు పుస్తకాలు. ఇప్పుడు ఎక్కడ ఆపాలో ఈ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?" అంది మేడమ్.

"పుస్తకాలు మీవే. క్లిప్పులు నావి" అని కొంగులో వేసుకుని వచ్చేశాను.