పట్టకూడదని నేర్చిన చేతులు

“మూడు మ్యాచుల్లో అయిదు క్యాచులండీ! అయిదూ చేతుల్లో పడ్డయ్యే! ఆయన్ని తీసేసి అక్కడో కుర్చీ ఎయ్యండి, కనీసం బాల్ తగిలి ఆగుద్ది!”

“కన్నబాబూ, నోరు జర సంబాళించు. నీకన్న పెద్దమనిషి.”

“పెద్దరికం ఏం చేసుకోనండీ, నాకు వికెట్ కావాలి. శుక్రవారం ఫైనల్లో ఆయనుంటే నేను బౌలింగ్ ఎయ్యను. ఖలాస్!”

“గీ ఒక్క శుక్రవారం సూస్త. గిప్పుడు గూడ ఇడిసిండంటే నేనే తీసేస్త. మల్ల అడగకు.”

బహ్రెయిన్‌లోని హిద్‌లో మా లేబర్ క్యాంపు స్నానాల గదుల ముందు వరసలో నిలబడి ఈ మాటలు విన్నాను. లోపల అరుచుకుంటున్నది మా టీము కెప్టెన్ దేవన్న, కోనసీమ బౌలర్ కన్నబాబు. నా వెనకాలే బకెట్టు పట్టుకుని ఉన్నది నర్సింగన్న. ఆ అయిదు క్యాచులూ వదిలింది ఆయనే.

“విన్నవా అన్నా?” అన్నాను.

“చెవుడు లేదు గద తమ్మీ.”

నర్సింగన్నది కోరుట్ల దగ్గర పల్లె. నలభై ఒకటేళ్లు. బహ్రెయిన్ వచ్చి పదమూడేళ్లయింది, ఊళ్లో మాత్రం ఇప్పటికీ ఆయన దుబాయిలో ఉన్నాడనే చెప్పుకుంటారు. షిప్‌యార్డులో ఓడల పక్కన ఇనుప పైపులతో మంచెలు కడతాడు. ఆరు రోజులు ఆయన హెల్మెట్ మీది నంబరు మాత్రమే. శుక్రవారం పొద్దున ఇసక గ్రౌండులో టేపు చుట్టిన టెన్నిస్ బంతి గాల్లోకి లేస్తే నలభై మంది “నర్సింగన్నా!” అని అరుస్తారు. బ్యాటింగ్ అంతంతమాత్రం, బౌలింగ్ రానే రాదు. టీములో ఆయన ఉన్నది క్యాచుల కోసమే. మ్యాచ్ అయ్యాక ఫోన్ చేస్తే భార్య భూలక్ష్మి మొదట అడిగేది “ఎన్ని వట్టినవ్?” అనే. సీజన్ మొదలైన ఈ నెల రోజులుగా ఆయన శుక్రవారం ఫోన్ చెయ్యడం మానేసి శనివారం చేస్తున్నాడు.

వయసైపోయింది అన్నారు కొందరు. కళ్లు చూపించుకో అన్నారు ఇంకొందరు. సల్మానియా ఆసుపత్రికి పోయి చూపించుకున్నాడు కూడా. కళ్లు బాగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం డ్యూటీ బస్సు దిగగానే ఆయన్ని మెస్ వెనక గోడ దగ్గరికి తీసుకుపోయాను. ఇరవై బంతులు ఎత్తుగా విసిరాను. పదిహేడు వదిలాడు. బంతి కిందికి రావడం మొదలవగానే ఆయన కుడికాలు ఒక్కడుగు పక్కకు జరుగుతోంది. భుజం తిరుగుతోంది. చేతులు మాత్రం అక్కడే గాల్లో ఉంటున్నాయి, ఎవరివో అన్నట్టు.

ఆ అడుగు నేనెక్కడో చూశాను. మరో నాలుగు బంతులు విసిరాక గుర్తొచ్చింది.

ఎనిమిది నెలల కింద మంచె మీదనుంచి ఒక ఇనుప క్లాంపు జారింది. కింద ఉన్న నర్సింగన్న క్యాచ్ పట్టినట్టే చెయ్యి చాపాడు. రెండు వేళ్లు విరిగాయి. వేళ్లు ఆరు వారాల్లో అతుక్కున్నాయి. కానీ సేఫ్టీ ఆఫీసరు ఆయన్ని అంతటితో వదల్లేదు. మూడు నెలలపాటు ప్రతి పొద్దునా డ్యూటీకి ముందు కొత్తవాళ్లందరి ఎదుట ఆయన్నే నిలబెట్టాడు. పైనుంచి ఏదైనా జారితే చెయ్యి పెట్టకూడదు, ఒక్కడుగు పక్కకు జరగాలి. ఆఫీసరు చప్పట్లు కొట్టడం, నర్సింగన్న జరగడం. మళ్లీ చప్పట్లు, మళ్లీ జరగడం.

“అన్నా, నీకు పట్టుడు రాకపోవుడు కాదు. పట్టకుండుడు మంచిగ నేర్పిండ్రు” అన్నాను.

ఆయన అక్కడే ఇసకలో కూర్చుని పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నన్నే చూశాడు.

“మరి పైపులు అందుకుంట గద? రోజుకు రెండు నూర్లు. ఒక్కటన్న ఇడిసిన్నా?”

“వాటిని ముందుగాల నువ్వే పిలుస్తవ్ గదనే.”

నిజం. మంచె కట్టేవాళ్ల పద్ధతి అది. పైనున్నవాడు హిందీలో “లావ్!”, అంటే తెమ్మని, పిలిస్తేనే కిందివాడు పైపు అందిస్తాడు. పిలిచి తెచ్చుకున్నది మనది, పిలవకుండా వచ్చేది ప్రమాదం. ఆయన ఒళ్లు ఈ రెండింటినీ వేరు చేసి పెట్టుకుంది. బంతిని ఏ గుంపులో వెయ్యాలో దానికి ఎవరూ చెప్పలేదు.

“అయితే బాల్‌ను గూడ పిలువు” అన్నాను.

మొదటిరోజు సిగ్గుపడ్డాడు. గొంతు బయటికే రాలేదు. రెండోరోజు అరిచాడు కానీ ఆలస్యంగా, బంతి ముక్కుమీదికి వచ్చాక. బంతి లేస్తున్నప్పుడే అరవాలని మూడోరోజు తెలిసింది. మెస్ కిటికీలోంచి కన్నబాబు తొంగిచూసి, “ఏంటండీ నర్సింగ్ గారూ, ఆకాశంలోంచి సామాన్ దింపుతున్నారా?” అన్నాడు. నర్సింగన్న బంతి ఏరి నాకు విసిరాడు. గురువారం ఇరవైకి పంతొమ్మిది పట్టాడు.

ఫైనల్ బుదైయా తోటల్లో పనిచేసేవాళ్లతో. మేం పది ఓవర్లలో డెబ్బై ఒకటి కొట్టాం. కన్నబాబు అలిగినా బంతి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రెండో ఓవర్లో అతని బంతికే క్యాచ్ లేచింది. అందరూ చూస్తున్నారని నర్సింగన్న నోరు విప్పలేదు. కాలు జరిగింది. బంతి నేలపాలు.

“చెప్పానా అండీ!” కన్నబాబు టోపీ తీసి నేలకు కొట్టాడు.

నేను బౌండరీ గీత దగ్గరికి పరుగెత్తి, “సిగ్గు సల్లగుండ, ఒర్రు అన్నా, బాల్‌ను పిలువు!” అని అరిచాను.

చివరి బంతి. వాళ్లకు నాలుగు కావాలి. వాళ్ల మణికుమార్ కొడితే బంతి గోడ దాటుతుందని పేరు. కన్నబాబు వేశాడు. మణికుమార్ కొట్టాడు. బంతి చాలా ఎత్తుకు లేచింది, సముద్రపు గాలికి నర్సింగన్న వైపు వంగింది.

“లావ్!”

గ్రౌండంతా విన్నది. పక్క పిచ్ మీద ఆడుతున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

“లావ్! లావ్! లావ్!”

కాలు జరగలేదు. గీతకు జానెడు లోపల, గుండెలకు ఆనించి పట్టాడు. పట్టి, ఎవరో లాక్కుంటారన్నట్టు ఇంకా గట్టిగా పట్టాడు.

అందరికంటే ముందు ఉరికింది కన్నబాబు. ఆయన్ని నడుం పట్టి ఎత్తేశాడు. “గురువు గారూ! ఇంకేం సామాన్ కావాలో చెప్పండి, ఆకాశంలో ఉన్నదంతా దింపేద్దాం!”

“ముందుగాల నన్ను దించు” అన్నాడు నర్సింగన్న. ఆయన కళ్లు నిండాయి. ఎవరూ దించలేదు. గ్రౌండు చుట్టూ “లావ్! లావ్!” అంటూ తిప్పారు. దేవన్నకు గొంతు పోయింది.

ఆ రోజు శుక్రవారమే ఫోన్ చేశాడు. “ఎన్ని వట్టినవ్?” అంటే “ఒక్కటే” అన్నాడు, మీసం తడుముకుంటూ.

అందరం బిర్యానీ మీద పడ్డాక నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

“తమ్మీ, వచ్చే సీజన్ల బ్యాట్స్‌మన్ ఎనక స్లిప్‌ల నిలబడ్తనని దేవన్నకు చెప్పిన. ఆడ పిలిచే టైముండదు. డ్యూటీల ఎట్లయినా అడుగు పక్కకే, గది నా పానం. గ్రౌండుల మాత్రం నాకింకో చెయ్యి గావాలె. రేపు బస్సు దిగంగనే గోడకాడికి రా. ఈసారి నాకు చెప్పకుండ ఇసురు.”