ఉమ్మీ తోటలో నీళ్ల వరుస

కువైట్ యుద్ధం నడుస్తున్న ఆ చలికాలంలో, ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత, మేం పనికి పోయిన ఎడారి ఊరు ఉనైజా బయటి ఖర్జూర తోటలవాళ్లందరూ మసీదులోనే కూర్చుని మాట్లాడుకున్నారు. ఇటువైపు ఏ క్షిపణో పడి నిప్పంటుకుంటే, ఊళ్లోంచి ఫైరింజన్ ఆ ఇసుక దారుల్లో వచ్చేసరికి తోటంతా కాలిపోతుంది. మన మంటలు మనమే ఆర్పుకోవాలి అనుకున్నారు. మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న యజమాని, తన నీళ్ల ట్యాంకర్ ఇస్తానన్నాడు. తక్కినవాళ్లు పారలూ పెయింటు డబ్బాలూ పోగుచేశారు. మనుషులం మాత్రం తోటల్లో పనిచేసే మేమే. ట్యాంకర్ నడిపేది ప్రొద్దుటూరు భాయ్. ట్రాక్టర్ నడిపేది ఒక పఠాన్. మిగతావాళ్లు బంగ్లాదేశ్ వాళ్లు. నాది మోటార్లు చూసుకునే పని.

కడప మదరసాలో చదువుకున్నవాణ్నని, ఇమాం లేని పూటల్లో నమాజు చేయించే భాగ్యం నాకు దక్కేది. భుజానికి భుజం తగలాలి, మధ్యలో సందు ఉండకూడదు, వరుస సరిగ్గా ఉంటేనే మనసులు సరిగ్గా ఉంటాయి అని మా గురువు నేర్పాడు. ప్రతి నమాజుకు ముందూ నేను వెనక్కి తిరిగి అదే చెప్పేవాణ్ని. ప్రొద్దుటూరు భాయ్ హజరత్ అని గౌరవంగా పిలుస్తూనే నన్ను ఏడిపించేవాడు.

“ఏంది హజరత్, ఇంగా దగ్గరికా? ఈ పఠాన్ పక్కన నిలబడితే నా ఎముకలు నుగ్గయితాండాయి.”

“అల్లా కోసం ఓర్చుకో భాయ్.”

“ఓర్చుకుంటా. ఆయప్పను గూడా రొంత ఓర్చుకోమను.”

దేవుడి దయ వల్ల మా వైపు ఏదీ పడలేదు. యుద్ధం అయిపోయింది. మంటలార్పే మా దళం మాత్రం చెదరలేదు. ఇసుకలో దిగబడిన బండ్లు లాగాం, కాలువలో పడిన మేకను తీశాం. మంట తప్ప అన్ని పనులూ మాకు దొరికాయి.

మసీదు వెనక తోట ఉమ్మీది. భర్త పోయిన ముసలావిడ. పిల్లలు లేరు. సుక్కరీ రకం ఖర్జూరం కోసి అమ్మితేనే ఆమెకు ఏడాది గడిచేది. అయినా వేసవి సాయంత్రాల్లో మా అందరికీ చల్లటి మజ్జిగ పంపేది. అందుకే ఆమెను అందరం ఉమ్మీ అనేవాళ్లం, అమ్మా అని.

యుద్ధం ముగిసిన ఏడే, గెలలు పండి రేపో మాపో కోత అనగా, సాయంత్రపు అసర్ నమాజు అయిన కాసేపటికి ఆమె మోటారు షెడ్డులో వైరు కాలి పక్కనున్న ఎండు మట్టల కుప్ప అంటుకుంది. నేను మసీదు మైకు పట్టుకుని అరిచాను. “మోయా! పానీ! నీళ్లు!” అందరికీ తెలియాలి కదా, మూడు భాషల్లోనూ అరిచాను.

అందరూ పరిగెత్తుకొచ్చారు. ట్యాంకర్ ఆ తోట గేటులో పట్టలేదు. మోటారు ఎటూ కాలింది. ఇక తోట మధ్యలో ఉన్న సిమెంటు తొట్టిలోంచి డబ్బాలతో నీళ్లు చేతులు మార్చుకుంటూ అందించాలి.

“వరుస కట్టండి!” అని అరిచాను, రోజూ మసీదులో అరిచినట్టే.

అలవాటు పడిన కాళ్లు. తొట్టి పక్కనే భుజానికి భుజం ఆనించి, సందు లేకుండా, సూటిగా నిలబడిపోయారు. నేనూ అంతే. పైగా సగంమంది నమాజులో తిరిగే ఖిబ్లా దిక్కుకే తిరిగి ఉన్నారు. మంట వాళ్ల వీపుల వెనక ఉంది. చివర ఉన్న పఠాన్‌కూ మంటకూ మధ్య సగం తోట ఖాళీ. అతను డబ్బా పట్టుకుని పరిగెత్తగానే, పక్కవాడు జరిగి ఆ సందు పూడ్చేశాడు. పఠాన్ తిరిగొచ్చేసరికి అతని చోటు లేదు.

“అరే, మేరీ జగహ్ కహాఁ గయీ?” అని అతను తన చోటు కోసం బిత్తరపోయి వెతికాడు.

“హజరత్, వరుస శానా బాగుండాది గానీ నీళ్లు యాడికీ పోలా!” అని ప్రొద్దుటూరు భాయ్ అరిచాడు.

అంతలో మొదటి చెట్టు మొదట్లోని ఎండు మట్టలు అంటుకున్నాయి. దాని పైన పండిన గెలలు. ఉమ్మీ నల్లటి అబాయాలో, చేతిలో ఒక పచ్చి మట్టతో వచ్చింది. ఒక్క చూపు చూసి, మట్టతో మా మధ్య పొడుస్తూ నడిచింది. నన్నూ పొట్టలో ఒక పోటు పొడిచింది.

“దూరం జరగండి, నాయనలారా!” అని అరబ్బీలో కేకేసింది. “నమాజు తర్వాత చేసుకోవచ్చు. ముందు నా చెట్లు! చెయ్యి చాచండి, పక్కవాడి చెయ్యి అందాలి. అంతే దూరం!”

చేతులు చాచాం. వరుస సాగి సాగి మంట దాకా పోయింది. ఇక డబ్బాలు నడిచాయి. చెట్టు మొదలు తడిసి పొగలు కక్కి ఆరింది. కుప్ప మీద పారలతో ఇసుక పోశాం. షెడ్డు పోయింది. చెట్టు నిలిచింది, మిగతా తోటకు సెగ కూడా తగల్లేదు. పఠాన్ గడ్డం ఒకవైపు కమిలింది. అది చూసి అందరికన్నా గట్టిగా నవ్వింది ఉమ్మీయే. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఆ కాలబోయిన చెట్టు గెలే ముందు కోయించి మా ముందు పెట్టింది. పొగ వాసన కొడుతున్న ఆ పండ్లంత తీపి నేను మళ్లీ ఎరగను. బిస్మిల్లా అని ఇంకొకటి నోట్లో వేసుకున్నాను.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయింది. అదే తోటలో, ఆ చెట్ల కిందే నమాజుకు నిలబడ్డాం. ఇమాం రాలేదు, నేనే ముందు నిలబడ్డాను. వరుస సరిచేద్దామని వెనక్కి తిరిగాను. పక్కవాడికీ పక్కవాడికీ మధ్య చాచిన చేతులంత దూరం వదిలి, అలసిన ముఖాలతో బుద్ధిగా నిలబడి ఉన్నారు.

నవ్వు ఆపుకోవడమే కష్టమైంది.

“చెప్పు హజరత్,” అని ప్రొద్దుటూరు భాయ్ గుసగుసలాడాడు. “ఇప్పుడు భుజాలు కలపాల్నా, లేకుంటే ఉమ్మీని పిలవాల్నా?”