నాలుగో మాటలో జారిన ముల్లు

కర్నూలులో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నేనూ నా స్నేహితుడూ కలిసి ప్రాజెక్టు కోసం ఒక పెట్టె తయారు చేశాం. క్లాసులో మిగతావాళ్ళంతా హైదరాబాదు వెళ్ళి తయారైన ప్రాజెక్టులు కొనుక్కొచ్చారు. మేం కొనకపోవడానికి కారణం నిజాయితీ కాదు, బస్సు తప్పిపోయింది.

వాడి నాయన ఓర్వకల్లు దగ్గరి పల్లెలో పాస్టరు. ఊరంతా అయ్యగారంటారు. ఆ వేసవికి ముందు ఆయన గొంతుకు ఆపరేషన్ జరిగింది. కొన్ని నెలలపాటు గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. ఇంతలో గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటి దాకా, సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, మాటకూ మాటకూ నడుమ జనం పాడే ఒక పాట. వేరే పాస్టరును పిలవడానికి సంఘం ఒప్పుకోలేదు. పోయిన ఏడాది అయ్యగారు చెప్పినదంతా నా స్నేహితుడు జేబు రికార్డర్‌లో పట్టి ఉంచాడు. అదే వినిపించమన్నారు.

ఆ రికార్డర్ చవకది. గొంతును చుక్కలు చుక్కలుగా, చాలా ఎడంగా పట్టుకుంది. స్పీకర్లో పెడితే అయ్యగారు రేకుడబ్బాలో కూర్చుని మాట్లాడినట్టుంది. మా పెట్టె పని సరిగ్గా ఇదే: ప్రతి రెండు చుక్కల నడుమా ఉండాల్సిన చుక్కలను లెక్కగట్టి పూరించడం. వెనకటి చుక్కకు చిన్న తేడా కూడితే కొత్త చుక్క వస్తుంది. చిప్పులో చోటు తక్కువ కాబట్టి ప్రతి కూడికలోనూ చివరి ముక్క కోసి పారేసేవాళ్ళం. దుమ్మంత ముక్క. ఎవరికి కావాలి?

ప్రాజెక్టు కోసం ఎన్నిసార్లు పరీక్షించినా ఒక్క పాటతోనే పరీక్షించాం. పాట అయిపోతే కట్టేసి టీకి పోయేవాళ్ళం. మూడు గంటలు ఆపకుండా నడుస్తుందా అన్న ఆలోచన మాకు రాలేదు. మూడు గంటలు ఆపకుండా ఏ పనీ చేసిన అలవాటు లేదు కదా.

గుడ్ ఫ్రైడే నాడు రేకుల చర్చి పొయ్యిలా కాలుతోంది. జనం చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. ముందు వరుసలో కుర్చీలో అయ్యగారు, మెడకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని తన గొంతు తనే వింటున్నారు. అవ్వలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. నాది నందికొట్కూరులో కిరాణా కొట్టు నడిపే కుటుంబం. చర్చిలో కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడు లేవాలో తెలియక పక్కవాళ్ళు లేస్తే లేచి, వాళ్ళు కూర్చుంటే కూర్చుంటున్నాను.

నాలుగో మాట సగంలో, లెక్క ఎటు వాలిందో చూపడానికి పెట్టెకు తగిలించిన ముల్లు మీటరు కేసి చూశాను. మధ్యలో ఉండాల్సిన ముల్లు ఎడమ చివరకు దగ్గరపడింది.

"రేయ్, ఇది చూడు."

వాడు చూశాడు. "కోసిన ముక్కలు రా. అన్నీ ఒకే దిక్కు కోసినాం. పోగై కిందికి లాగుతాండాయి."

"గొంతు బాగనే వస్తాండాది కదా?"

"ఆ దిగుడును ఆంప్లిఫయర్ ఆపుతాండాది, అందుకే వినపడల్యా. ముల్లు చివర తగిలితే చిప్పులో చోటు చాలక లెక్క పొంగుతాది. అడుగు నుంచి ఒక్కసారి పైకి ఎగురుతాది. ఢామ్మంటాది. స్పీకర్లు కాలిపోతాయి."

మా సీమలో ఢామ్మంటే జనం శబ్దం బాగుందో లేదో చూడరు, ముందు తలుపు ఎక్కడుందో చూస్తారు. ఆ చర్చికి తలుపు ఒక్కటే. చాపల మీద పసిపిల్లలున్నారు.

లెక్కను సున్నా చేసే మీట పెట్టెకు ఉంది. కానీ అంత దిగిన దాన్ని ఉన్నపళంగా సున్నా చేసినా అదే ఢాం. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, మీట నొక్కి, మళ్ళీ పెంచాలి. తరువాతి పాట దాకా ముల్లు ఆగేలా లేదు.

"రొండు వాక్యాలు పోతే పోనీ రా," అన్నాను.

"ఆ రొండు వాక్యాల కోసమే వచ్చినారు రా వీళ్ళు. మా నాయనకు గొంతు వస్తాదో రాదో ఎవరికి తెల్సు?"



వాడు మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి తండ్రి చెవిలో అడిగాడు. "నాయనా, ఈ మాటలో యాడన్నా ఆగినావా?"

అయ్యగారు కళ్ళు తెరిచి, కొడుకు ముఖం చూసి, కాస్త ఆలోచించారు. పక్కనున్న స్టీలు గ్లాసు చూపించి తాగినట్టు సైగ చేశారు. పోయిన ఏడాది ఎక్కడో నీళ్ళు తాగడానికి ఆగారు. ఆ చోటు రాగానే గ్లాసు ఎత్తుతానని చెయ్యి ఊపారు.

వాడు వచ్చి మీట మీద వేలు పెట్టాడు. నేను వాల్యూమ్ పట్టుకున్నాను. స్పీకర్లో అయ్యగారు చీకటి కమ్మడం గురించి చెబుతున్నారు, తీరికగా. ముల్లు వెంట్రుకవాసి జరిగింది. ఇది మా ఇంటి దేవుడి పరిధిలోకి రాదేమోనన్న అనుమానంతో అక్కడున్న దేవుడికే దండం పెట్టుకున్నాను. గ్లాసు లేవలేదు. ముల్లు మళ్ళీ జరిగింది. ఆయన మర్చిపోయారేమో, నిద్రపోయారేమో, పోయిన ఏడాది అసలు దాహమే వేయలేదేమో.

గ్లాసు లేచింది.

తగ్గించాను. నొక్కాడు. ముల్లు చటుక్కున మధ్యకు వచ్చింది. పెంచాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ క్షణంలో నేను రెండు స్పీకర్లూ కొనిచ్చి, ఊరు వదిలి బద్వేలులో స్థిరపడిపోయాను. తరువాత స్పీకర్లో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, అయ్యగారి దగ్గు, ఆ వెంటే ఆయన గొంతు.

అక్కడి నుంచి ప్రతి పాటలోనూ ముల్లును మధ్యకు తెచ్చుకున్నాం. ఏడో మాట దాకా ఒక్క అక్షరం పోలేదు. బయటికి వస్తూ ఒక అవ్వ, "ఏమప్పా, దయ్యం పట్టినట్ల అదురుతాండావు? వాక్యం అంత గట్టిగ తగిలిందా?" అంది. శానా గట్టిగా తగిలిందన్నాను.

అయితే ఎల్లుండి ఈస్టరు. మళ్ళీ ఆయన గొంతే, ఈసారి ఎక్కడా ఆగని ప్రసంగం. శనివారం పొద్దున కూర్చుని లెక్క మార్చాం. కోసిన ముక్కను పారేయకుండా పక్కన దాచి, తరువాతి కూడికలో కలిపేయడం, అంతే. పోగయ్యేది ఇక ఏమీ ఉండదు. అయ్యగారి ఇంట్లోనే పెట్టె నడిపించాం. ఆయన తన ప్రసంగం తనే మళ్ళీ వింటూ కుర్చీలో నిద్రపోయారు.

మధ్యాహ్నమైంది. ముల్లు కదల్లేదు. ఇంత మంచి మాకెందుకు జరుగుతుందని మీటరు మీద అనుమానం వచ్చింది. దాన్ని పీకి టార్చిలైటు సెల్లుకు ఆనించాం. ముల్లు ఎగిరింది. మీటరు బతికే ఉంది. మళ్ళీ పెట్టెకు తగిలించాం. మధ్యలోనే నిలబడింది.

"పోయి అన్నం తినుపో," అన్నాడు వాడు.

"నువ్వు పో. నేను చూస్తాంటా."

ఇద్దరం అక్కడే కూర్చున్నాం.