సైతానుకీ ఒక ఇల్లుండేది

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక మా మనవరాలు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని బొమ్మల సీరియల్ చూస్తోంది, నేను పక్కన కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాను. అందులో ఒక దుర్మార్గుడు ఉంటాడు. బానపొట్ట, మెలితిప్పిన మీసాలు. రోజూ ఏదో ఒక కుట్ర పన్నడం, రోజూ పిల్లల చేతిలో తన్నులు తిని బురదగుంటలో పడడం, అదే వాడి ఉద్యోగం. ఆ రోజు మాత్రం ఏం తోచిందో ఏమో, వాడు ఒళ్ళంతా బురద కారుతూ ఇంటికెళ్ళడం చూపించారు. వాడికీ ఒక ఇల్లుందట. ఇంట్లో వాడికంటే లావుపాటి తల్లి, గుమ్మంలో ఎదురుచూస్తూ ఒక కూతురు. ఆ కూతురు తండ్రి వాలకం చూసి భోరుమంది, పంపు తిప్పినట్టు కన్నీళ్ళు రెండు పక్కలా చిమ్మాయి, మా మనవరాలు పొట్ట పట్టుకుని విరగబడి నవ్వింది.

నేను లేచి టీవీ కట్టేశాను. పిల్ల రాగం తీసింది. వంటింట్లోంచి మా అమ్మాయి వచ్చి, "ఏంటమ్మా నువ్వు మరీనూ, బొమ్మలే కదా, చూడనియ్యకూడదూ?" అంది. నిజమే, బొమ్మలే. దానికేం తెలుసు పాపం, దానికి నేనెప్పుడూ చెప్పలేదు. పెట్రోమాక్సు లైటు కింద ఈతచాపల మీద కూర్చుని నాటకాలు చూసిన మీబోటివాళ్ళకైతే చెప్పుకోవచ్చు. గుమ్మంలో నిలబడి ఏడ్చిన ఆ పిల్లని నేనేనండీ.

మాది గుడివాడ. మా నాన్న దివిసీమలో నాగాయలంక వైపు పల్లెటూళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక గుడివాడ వచ్చి ఒక రైసుమిల్లులో బాయిలరు దగ్గర పనికి కుదిరాడు. పొద్దస్తమానం ఆ పొయ్యిలోకి ఊక ఎగదోస్తూ ఉండడం వల్ల ఆయన మెడ మడతల్లోనూ గోళ్ళలోనూ మసి కాపురం పెట్టేసింది. శనివారం సాయంత్రం మా అమ్మ కుంకుడుకాయలు కొట్టి రసం తీసి, కొబ్బరిపీచుతో వీపు ఎర్రబడేదాకా తోమేది. అయినా ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వెళ్ళేసరికి చలవ చొక్కా కాలరు అంచున మళ్ళీ సన్నటి నల్లగీత కనబడేది.

రోజూ అన్నాలకి ముందు మా ఇంట్లో ప్రార్థన ఉండేది. మా నాన్న ప్రార్థన చేస్తుంటే ఎదురుగా చాప మీద ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉండేది. పక్కింటివాళ్ళ గేదె ఈనలేక అవస్థపడుతుంటే ఆ గేదె కోసం, మిల్లులో కాలు బెణికిన కూలీ కోసం, ఊళ్ళో ఉన్న మా నాయనమ్మ కళ్ళ కోసం, వాన పడడం కోసం, పడ్డ వాన ఆగడం కోసం, పేరుపేరునా తలుచుకుని చెప్పేవాడు. అన్నం చల్లారిపోతోందని మా అమ్మ గరిటెతో గిన్నె మీద చిన్నగా చప్పుడు చేస్తే గాని ఆమెన్ అనేవాడు కాదు. ఓనమాలు దాటని మనిషికి ఆ మాటలన్నీ ఎక్కణ్ణించి వచ్చేవో నాకిప్పటికీ తెలియదు.

ఆయనకి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆదివారం ఆరాధనలో మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, పాట అయిపోగానే సంఘంలో ఒకరిని పేరుపెట్టి పిలిచి, లేచి ప్రార్థన చెయ్యమనేవారు. ఒకవారం బడిపంతులు, ఒకవారం కాంపౌండరు, ఒకవారం ఆఫీసులో గుమాస్తా. పిలుపు ఎప్పుడూ ముందు బెంచీల దగ్గరే ఆగిపోయేది. మా నాన్న వెనక చాప మీద కూర్చుని, పాట ఆఖరి చరణానికి వచ్చేసరికి ఎవరికీ వినబడకుండా ఒకసారి గొంతు సవరించుకునేవాడు. పిలుస్తారేమోనని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ గుడిలో నలుగురి ముందూ లేచి నిలబడి ప్రార్థన చెయ్యాలని ఆ మనిషికి ప్రాణం. పెద్దరికం కాదు, పదవి కాదు, అంతే.

ఇక నాటకం సంగతి. ఏటా క్రిస్మసుకి గుడి ముందు పందిరి వేసి నాటకం ఆడేవాళ్ళం. దానికి సర్వాధికారి అయ్యగారి బావమరిది. ఆయన గుమాస్తా ఉద్యోగం, పాముకోళ్ళ చప్పుడు, ముక్కుపొడుం, అన్నీ ఒక పెద్ద అధికారి దర్జాతో నడిచేవి. మా నాన్న మొదటి ఏడు వెళ్ళి గొర్రెల కాపరి వేషం అడిగాడట. అందులో చివర చిన్న ప్రార్థన ఉంది, అందుకు. ఆయన మా నాన్నని కిందా మీదా చూసి, "నువ్వు బాయిలరు దగ్గర్నించి తిన్నగా వచ్చెయ్యవోయ్, సైతాను వేషానికి మేకప్పు కూడా అక్కర్లేదు" అన్నాడట. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. మా నాన్నా నవ్వాడు. ఈ సంగతి ఇంటికొచ్చి చెబుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడని, అప్పుడే ఒళ్ళు మండిపోయి తను అన్నం తినకుండా పడుకున్నానని మా అమ్మ చెప్పేది.

కానీ ఏం చేస్తాం, ఆ వేషం ఆయనకి అతికినట్టు సరిపోయింది. మా అమ్మే తిట్టుకుంటూ పాత గోనెసంచితో తోక కుట్టింది. పుట్టిన బాలయేసుని చూడ్డానికి జ్ఞానులు చుక్కని చూసుకుంటూ బయల్దేరితే, సైతాను ఎదురొచ్చి చుక్కని బుట్ట కింద దాచేసి, "బెత్లెహేము ఇటు కాదండీ, పామర్రులో దిగి బస్సు మారాలి" అనేవాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. మా సంఘంవాళ్ళే కాదు, మిల్లు కూలీలు, బజారువాళ్ళు, మా వీధిలో ఉండే గాజుల సాయిబుగారు, అందరూ ఆయన కోసమే వచ్చేవాళ్ళు. చివర్లో దేవదూతలు అట్టకత్తులతో సైతాన్ని కొట్టి, తోక పట్టుకు లాగి, గడ్డికుప్పలోకి తోసేస్తే నాటకం అయిపోయేది.

నాకు ఏడేళ్ళున్నప్పుడు, అదే మొదటిసారి ముందు వరసలో కూర్చున్నాను. కొట్టేది ఉత్తుత్తికే అని మా అమ్మ ముందే చెప్పింది. అయితే దేవదూత వేషం వేసిన కుర్రాడొకడు మంచి ఊపుమీదుండి నిజంగానే వీపు మీద నాలుగు వడ్డించాడు. మా నాన్న అబ్బా అన్నాడు. అది నాటకంలో మాట కాదని నాకు తెలిసిపోయింది. అమ్మ ఒళ్ళోంచి లేచి పరుగెత్తి, "మా నాన్నని కొట్టకండీ, మా నాన్న మంచోడండీ" అని గుక్కపట్టి ఏడ్చాను. అంతే, పందిరి పందిరంతా ఘొల్లుమంది. మా నాన్న నన్ను ఎత్తుకుంటే నా తెల్లగౌను నిండా మసి అంటుకుని, దానికి ఇంకోసారి నవ్వారు. అంత నవ్వు ఆ పందిట్లో అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదని అందరూ చెప్పుకున్నారు.

మరుసటి ఏడు బావమరిదిగారు మా ఇంటికొచ్చారు. అంత మనిషి మా గడప తొక్కడం అదే మొదలు. సాయిబుగారింటి నుంచి కుర్చీ తెచ్చి వేశాం. టీ తాగి, ఈసారి పాపని కూడా వేషంలో పెడుతున్నానని, సైతానుకి ఒక కూతురుంటుందని, ఆ ఏడుపు అలాగే ఏడవాలని చెప్పారు. మా అమ్మ తలుపు చాటునుంచి, పసిపిల్లకి ఎందుకండీ ఇవన్నీ అంది. మా నాన్న మాత్రం కుర్చీలో కూర్చున్న ఆ పెద్దమనిషిని చూసి పొంగిపోయాడు. "మీరు చెప్పాక కాదంటామా అండీ. ఆదివారం నాకూ ఒక ప్రార్థన ఇచ్చే సంగతి కాస్త అయ్యగారి చెవిన వెయ్యండి" అన్నాడు. అలాగేలే చూద్దాం అన్నారాయన. మా నాన్న ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు, ఆ మాట పట్టుకునే నన్ను పందిరెక్కించాడు.

గుడివాడతో ఆగలేదు. ముదినేపల్లి, పామర్రు, అవతల అవనిగడ్డ దాకా మా నాటకాన్ని పిలిచారు. ఎక్కడికెళ్ళినా నా పేరు సైతాను కూతురే. బళ్ళో జడ పట్టుకు లాగి, మీ నాన్నకి తోకుంది నీకు లేదేమే అనేవాళ్ళు. మొదట్లో ఏడుపు దానంతటదే వచ్చేది. ఉండగా ఉండగా ఆ కత్తులు అట్టవేనని అలవాటైపోయి, ఏడుపు రాకుండా పోయింది. ఏడుపు రాకపోతే బావమరిదిగారు తెరచాటున తొడపాశం పెట్టేవాడు. ఆ తొడపాశం తప్పించుకోవడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. మా అమ్మ చచ్చిపోయినట్టు, తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టినట్టు కళ్ళు మూసుకుని తలుచుకునేదాన్ని. తన్నుకుని వచ్చేది ఏడుపు. ఊళ్ళన్నీ నవ్వేవి.

ఆ తరవాత రెండేళ్ళకి, వానలు వెనకబట్టిన రోజుల్లో మా అమ్మ నిజంగానే టైఫాయిడుతో పోయింది.

అయ్యగారు ఏవో సభలకని బందరు వెళ్ళి ఉన్నారు. సమాధుల తోటలో గొయ్యి దగ్గర అంతా బావమరిదిగారే నడిపించారు. మా నాన్న చేతులు కట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, "నా భార్యకి నేనే ప్రార్థన చేసుకుంటానండి" అని అడిగాడు. ఆ సమయంలో ఎవరు కాదంటారు? మా నాన్న మొదలుపెట్టాడు. ఇంట్లో చేసినట్టే, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పుకున్నట్టే, ఈవిడ అన్నం చల్లారిపోతుందని నన్ను తొందరపెట్టేది ప్రభువా అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు పెట్టెని దించడం మొదలుపెట్టారు. నేను, "మా అమ్మని పూడ్చకండీ, మా అమ్మ మంచిదండీ" అని గుక్కపట్టాను. అది నా ఏడుపు. నాకున్నది ఆ ఒక్క ఏడుపే. వాళ్ళు అన్ని ఊళ్ళలో విని విని నవ్వినదీ అదే.

వెనకాల మొదట ఒక పిల్లాడు కిసుక్కుమన్నాడు. తరవాత మరొకడు. తరవాత పైటచెంగు నోట్లో కుక్కుకుని ఒకావిడ భుజాలు కదిలిపోయేలా నవ్వింది. కావాలని కాదంటారు, ఆగలేదంటారు. ఎవరు ఏమన్నా సరే, ఆ భుజాలు నేను మర్చిపోలేదు, క్షమించానని చెబితే అబద్ధం. దూరంగా గట్టు మీద నిలబడ్డ గాజుల సాయిబుగారు, "థూ, మీ బతుకులు చెడ! తల్లి పోయి పిల్ల ఏడుస్తుంటే మీకు నవ్వొస్తోందా?" అని అరిచాడు. మా నాన్న ప్రార్థన మధ్యలోనే ఆపేశాడు. మిగతాది బావమరిదిగారు గబగబా ముగించారు.

క్రిస్మసు దగ్గరికొచ్చేసరికి ఆయన మళ్ళీ మా ఇంటికొచ్చారు. అయ్యో పాపం అని ఒక నిట్టూర్పు విడిచి, ఆ వెంటనే తోక ఉందా చిరిగిందా అని అడిగారు. మా నాన్న ఉందండి అన్నాడు. పాపని మాత్రం వదిలెయ్యమన్నాడు. దానికి ఆయన సరేనన్నాక, గొంతు సవరించుకుని, కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్క ప్రార్థన ఇప్పించమని అడిగాడు. ఆయన మా నాన్న భుజం తట్టి, "భలేవాడివయ్యా, సైతాను లేచి ప్రార్థన చేస్తే జనం నవ్వరూ?" అన్నాడు. కడుపులో ఏదో పెట్టుకుని అనలేదు, సరదాగానే అన్నాడు. మా నాన్న కూడా నవ్వాడు. వాళ్ళ నవ్వుల కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కోసేసింది. ఎందుకు నవ్వావు నాన్నా, కుర్చీ లాగేసి పొమ్మనలేకపోయావా అని ఎన్నేళ్ళు మనసులో దెబ్బలాడానో. ఆ ఏడూ ఆయన తోక కట్టుకున్నాడు. పందిట్లో జనం, కూతురేదీ కూతురేదీ అని అరుస్తుంటే నేను సాయిబుగారి భార్య పక్కన మంచం మీద చెవులు మూసుకుని పడుకున్నాను.

పందొమ్మిది వందల అరవైల చివర్లో నేను ట్రైనింగు అయ్యి బందరులో టీచరుగా చేరాను. మా నాన్నని మిల్లు మాన్పించి నాతో తెచ్చేసుకున్నాను. బందరులో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. ఆయన మెడ మీద మసి పోయింది, జుట్టు తెల్లబడింది, చేతికర్రతో గుడికి వస్తుంటే ఎవరో పెద్దమనిషి అనుకునేవాళ్ళు. ఒక ఆదివారం పాట అయిపోగానే అక్కడి అయ్యగారు, చివరి బెంచీలో ఉన్న పెద్దాయన ప్రార్థన చేస్తారు అని మా నాన్న వైపు చూశారు. మా నాన్న లేచాడు. చేతులు జోడించాడు. గుడంతా తలలు వంచుకుని నిశ్శబ్దంగా ఉంది. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ తరవాత, "నాకు రాదండి" అని కూర్చుండిపోయాడు.

ఇంటికి నడుస్తూ, ఎందుకు నాన్నా అలా అన్నావు, ఇంట్లో ఎంత బాగా చేస్తావు అని అడిగాను. "నవ్వుతారేమోనని ఆగానమ్మా. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోతే ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు" అన్నాడు. అక్కడి అయ్యగారు మంచివారు, మళ్ళీ పిలిచి ఇబ్బంది పెట్టలేదు. మా నాన్నకి మళ్ళీ ఆ అవకాశం రాలేదు.

ఇప్పుడు గుళ్ళన్నీ మారిపోయాయి. మైకులొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి, చాప మీద కూర్చునేవాళ్ళే లేరు. పిల్లలు అద్దెకు తెచ్చిన బట్టలేసుకుని రికార్డు పాటలకి డాన్సులు చేస్తున్నారు. ప్రార్థన వంతులవారీగా అందరికీ వస్తోంది. కూలికెళ్ళే ఆడవాళ్ళు కూడా లేచి ధారాళంగా చేస్తున్నారు, వింటుంటే ఒక పక్క సంతోషం, ఒక పక్క కడుపు మంట. రిటైరైన టీచరునని నన్నూ తరచుగా పిలుస్తారు. నేను లేచి చేస్తాను, బాగానే చేస్తానంటారు. అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మాత్రం ఇన్నేళ్ళొచ్చినా కళ్ళు మూసుకోలేను. ఆమెన్ అనేదాకా ఒక్కొక్క ముఖమే చూస్తూ ఉంటాను, ఎవరి పెదవి కదులుతుందోనని.