పెద్దబాపు లేజర్ నీ మెడలో ఎందుకుంది?

పెద్దబాపు చనిపోయాడని నాకు చెప్పినవాడు, పెద్దబాపు దూరం కొలిచే లేజర్‌ను తన మెడలో వేలాడేసుకుని వచ్చి చెప్పాడు. తప్పు అక్కడే జరిగింది. మనిషి పొద్దున ఇక్కడ సౌదీలో, జిజాన్ ఆసుపత్రిలో పోయాడు. మధ్యాహ్నానికి ఆయన వస్తువు ఇంకొకడి మెడలో ఉంది.

"తమ్ముడూ, గుండె ఆగిపోయిందంట. పెద్దాయన ఇక లేరు" అన్నాడు మా తోట డ్రైవర్, గోదావరి వైపువాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ నల్ల తాడునే చూస్తూ నిలబడ్డాను.

పెద్దబాపు నాకు రక్త సంబంధం కాదు. మా ఊరివాడు, నాన్నకు అన్న వరస. నన్ను ఈ మామిడి తోటలో పనికి తెచ్చింది ఆయనే. వచ్చిన కొత్తలో జ్వరమొస్తే ఖుబూస్ రొట్టె ముక్కలు పప్పులో నానబెట్టి తినిపించాడు. అది నేను మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే ఇంత కోపం.

తోటలో ఆయన అసలు పని కాకులను కొట్టడం. జిజాన్‌లో మన దేశపు కాకులే ఉన్నాయి, ఎప్పుడో ఓడలెక్కి వచ్చాయంటారు. కాయల్ని పొడుస్తాయి, వేరే పిట్టల గూళ్ళు పీకుతాయి. "మనం వీసా మీద వచ్చినం బిడ్డా, ఇవి ఒట్టిగ వచ్చినయ్" అనేవాడు ఎయిర్‌గన్ తుడుస్తూ. తుపాకి మా సౌదీ యజమాని కఫీల్‌ది, లైసెన్సు ఆయన పేరు మీదే. ఒకసారి డ్రైవర్ గువ్వల కూర తినాలని ఆశపడితే పెద్దబాపు తుపాకి కింద పెట్టేశాడు. "కాకి తప్ప ఇంకో పిట్ట జోలికి పోయేది లేదు. కూర గావాలంటె కోడి తెచ్చుకో."

ఎయిర్‌గన్ ఛర్రా గుండు కాస్త దూరం పోగానే కిందికి వాలుతుంది. ఎంత దూరమో తెలియకపోతే గురి దండగ. చూపు తగ్గాక ఆయన అంచనా తప్పడం మొదలైంది. అందుకే లేజర్ కొనాలనుకున్నాం. ఏది కొనాలో తేల్చింది నేను. చదువు లేకపోయినా ఫోన్లో వీడియోలు చూసి చూసి నేర్చుకున్నాను. ఆయన షరతు ఒక్కటే: "అగ్గువది గావాలె. కాకి చెట్టు మీదుంటది గాని మబ్బులల్ల ఉంటదా? వెయ్యి గజాలు జూసేది మనకెందుకు?"

నిజమే. పెట్టె మీద పెద్ద అంకె చూసి మోసపోవద్దు. ఎయిర్‌గన్‌కు దగ్గరి దూరం తేడా లేకుండా చెప్పాలి, ముందున్న ఆకును వదిలి వెనకున్న పిట్టను పట్టాలి. ఇది నేను డ్రైవర్‌కు నోరు నొప్పి పుట్టేలా చెప్పి పంపాను. కఫీల్ కుటుంబాన్ని జిద్దా తీసుకెళ్ళినవాడు అక్కడి షరఫియా బజారులో కొన్నది ఏమిటి? గోల్ఫ్ ఆడేవాళ్ళ లేజర్! అది ముందు ఏది అడ్డమొస్తే దాన్నే కొలుస్తుంది. తోటలో ఎటు తిప్పినా ఆకు దూరమే చెప్పింది. దుకాణం మలయాళీతో ఫోన్లో కొట్లాడి మార్పించింది నేను. మరుసటి ట్రిప్పులో సరైనది వచ్చింది. పెద్దబాపు అందరికీ ఏం చెప్పాడు? "డ్రైవర్ తెచ్చిండు."

పోనీ అనుకున్నాను. కానీ లేజర్ చూసి దూరం చెప్పే పని కూడా డ్రైవర్‌కే ఇచ్చాడు. పెద్దబాపు కాలుస్తాడు, డ్రైవర్ పక్కన నిలబడి "నలభై అండీ!" అంటాడు, నేను చచ్చిన కాకుల్ని సంచిలో వేసి పాతిపెడతాను. తుపాకి మీది గురి అద్దం లెక్క మీటర్లలో ఉందని నేను లేజర్‌ను మీటర్లకు పెడితే, పెద్దబాపు గజాలకు తిప్పేశాడు. ఊళ్ళో ప్లాట్లన్నీ గజాల్లో కొనే మనిషి మరి! ఛర్రాలు కాకుల తల మీదుగా పోయాయి. నేను గోల పెడితే నవ్వాడు. ఖాళీ నూనె డబ్బాలు వరసగా పెట్టి, గజాల్లోనే మళ్ళీ గురి కుదుర్చుకున్నాడు తప్ప మీటర్లకు రాలేదు.

"నేనెందుకు చెప్పద్దు దూరం?" అని ఒకరోజు అడిగేశాను.

"ఆయన జర ఇజ్జతిచ్చి చెప్తడు. నువ్వు కొట్లాటకొచ్చినట్టు చెప్తవ్. కాకులు గూడ లేచిపోతయ్ రా."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, లోపల కాలుతూ. ఒక్క 'అండీ'కి పడిపోయాడు మనిషి!

శవం ఊరికి చేరింది, దహనమైంది. మూడో రోజు అక్కడ ఆయన పేరిట పిట్టకు పెడుతుంటే, ఇక్కడ మేమూ చప్పుడు చేయకుండా తోట అంచున అన్నం, కోడికూర ఆకులో పెట్టి దూరం జరిగాం. కాకులు నీళ్ళ ట్యాంకు మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

డ్రైవర్ లేజర్ కంటికి పెట్టాడు. "ఎనభై గజాల్లో ఉన్నాయి..." అనేలోపే గుంపంతా లేచిపోయింది.

"నీ మెడల ఉన్నది తీసెయ్ అన్నా! అవి దాన్ని గుర్తుపడ్తున్నయ్."

"కాదు తమ్ముడూ. లేజర్ నా దగ్గరుండాలనేది పెద్దాయన కోరికేమో. నువ్వు గొడవ చేస్తున్నావని ముట్టట్లేదు."

కొట్టేవాణ్ణే. పక్కవాళ్ళు పట్టుకున్నారు.

సాయంత్రం పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. "ఈడ ముట్టింది బిడ్డా. ఆడ ముట్టిందా? ఆయన సగం పానం ఆడనే ఉండె." సిగ్నల్ లేదని పెట్టేశాను. అప్పటికీ ఆ ఆకు అక్కడే ఉంది. అన్నం వడగాలికి బిరుసెక్కింది, మెతుకుల మీద ఇసుక చేరింది, కాకులు ట్యాంకు మీద నుంచి దాన్నే చూస్తున్నాయి.

డ్రైవరన్నా, ఇదంతా చెప్తున్నది నీకే. ఆ లేజర్ నాకు కావాలి, దాచను. నాకు ఇవ్వకపోతే మానె, చుట్టీ మీద ఊరికి పోయేవాళ్ళతో పెద్దమ్మకు పంపెయ్. నీ మెడలో మాత్రం ఉండొద్దు. శుక్రవారం పదకొండో రోజు, మళ్ళీ పెడుతున్నాం. ఇస్తావో, పంపుతావో గురువారం సాయంత్రం అసర్ అజాన్ లోపల చెప్పు. పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేస్తుంది.